అందరం ఎక్కినం

తలుపు మూసేశారు. వాన మొదలైందంటే ఈ గదిలో ముందు తలుపు మూస్తారు, ఆ తర్వాత కిటికీలు, ఆ తర్వాతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పడేది నాలుగు చినుకులే కావచ్చు, ఆ చప్పుడు చెవిన పడుతుంటే ఇక్కడ ఒక్కరికీ గొంతు పెగలదు. అందుకని రాజోలికి అవతల తుంగభద్ర ఒడ్డునున్న ఈ ఊరి అంగన్‌వాడీ గదిలో, గోడ మీద అమ్మ, ఆవు, ఇల్లు బొమ్మల కింద, ఉడికిపోతూ చెమటలు తుడుచుకుంటూ గుండ్రంగా చాపల మీద కూర్చుంటారు. మద్దిలేటిది మూల. వీపుకి గోడ, ఎడమ పక్క తల్లి జోగులమ్మ, కుడి పక్క బియ్యం బస్తాలు. లేచి పోవాలంటే అందరి మోకాళ్లూ దాటాలి, దాటినా తలుపు మూసి ఉంది, తీసినా బయట వాన, వానలో తడుస్తూ పోయినా ఉన్నది ఒకటే గది ఇల్లు, కాసేపటికి ఆ గదిలోకి మళ్లీ అమ్మే వస్తుంది. ఎటు పోతాడు పాపం. జేబులో ఫోను బుర్రుమంటోంది, పుణె నుంచి మేస్త్రీ, వస్తున్నావా లేదా చెప్పు, లేకపోతే ఇంకో మనిషిని చూసుకుంటా అని నిన్నటి నుంచి ఒకటే పోరు. పోవాలనే ఉంది. సంచి సర్దుకుని వారమైంది. కానీ ఒక్క సంగతి తెలియకుండా ఈ ఊరి పొలిమేర దాటలేనని మద్దిలేటికి తెలుసు, ఆ సంగతి ఈ గదిలో అతనికి తప్ప అందరికీ తెలుసునేమోనన్న అనుమానమూ ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

వరద పోయి ఏడాది దాటింది. గోడలు కట్టుకున్నారు, రేకులు వేసుకున్నారు, పత్తి పెట్టుకున్నారు, నిద్ర మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. అలాంటివాళ్ల కోసమని వనపర్తి నుంచి సుమన మేడమ్ మంగళవారం మంగళవారం వచ్చి నడిపే సమావేశం ఇది. ఊళ్లో దీని పేరు ఏడుపు మీటింగు. ఆ పేరు పెట్టింది ముసలి మాసయ్య, ఒక్క వారమూ తప్పకుండా అందరికన్నా ముందొచ్చి కూర్చునేదీ మాసయ్యే. మొదటిసారి మేడమ్ ఒక రబ్బరు బంతి తెచ్చింది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, మధ్యలో అడ్డం రావద్దు, చెప్పబుద్ధి కాకపోతే ఊరికే పక్కవాళ్లకి ఇచ్చేయొచ్చు. మాసయ్య ఆ బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, “గీ వయసుల నాతోని ఆటలాడిపిస్తవా మేడమ్?” అని, మొలతాడుకున్న తన ఇంటి తాళంచెవి విప్పి మధ్యలో పెట్టాడు. ఇల్లు లేదు, తలుపు లేదు, తాళం ఏ చేలో బురదలో ఉందో తెలీదు, చెవి ఒక్కటే మనిషిని అంటిపెట్టుకుని మిగిలింది. “ఉత్తగనే ఏలాడుతుంది. దీనికైన జర పని చెప్పుండ్రి” అన్నాడు. అందరూ నవ్వారు, నవ్వీ నవ్వీ అందులో సగం మంది ఏడ్చారు, అప్పటి నుంచి ఆ తాళంచెవే తిరుగుతోంది. అది తిరగడం మొదలుపెడితే చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదన్న కట్టు మాత్రం మేడమ్ పెట్టింది కాదు, వీళ్లే పెట్టుకున్నారు, ఎందుకంటే మొదట్లో సగం కథ కాగానే చెప్పేవాళ్లే లేచి పారిపోయేవాళ్లు.

తాళంచెవి అవతలి వరసలో ఉంది. ఎవరో చెప్తున్నారు, మద్దిలేటి వింటున్నాడు, వింటున్నట్టు తల ఊపుతున్నాడు. అతనికి వరద లేదు. ఈ గదిలో అందరికీ తలా ఒక వరద ఉంది, మెడదాకా వచ్చిన నీళ్లున్నాయి, కొట్టుకుపోయిన బర్రెలున్నాయి, పట్టుకున్న కొమ్మలున్నాయి. అతనికేముంది? పుణెలో కూలీల రేకుల షెడ్డు, అందులో రాత్రంతా చెవికి ఆనించుకున్న ఫోను, మీరు చేసిన నంబరు అందుబాటులో లేదని మరాఠీలో తీరిగ్గా చెప్తున్న ఒక ఆడమనిషి గొంతు. ఆ గొంతునే తెల్లవార్లూ తిట్టాడు, అదే అతని వరద. ఊరికి చేరేసరికి మూడోనాడు, అప్పటికే యమునను తెల్లగుడ్డలో చుట్టి పెట్టారు, మొహం చూడొద్దురా అన్నారు, చూశాడు. పెళ్లై నాలుగేళ్లు కూడా నిండని పెళ్లాం. తాళంచెవి తన దగ్గరికి వచ్చినప్పుడల్లా “నేను ఆడ లేను” అని ముక్తసరిగా చెప్పి దాటించేస్తాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఇతరులు తన వంక చూసే చూపు అతనికి గిట్టదు. అందులో జాలి ఉంది, జాలి సరే, దాని పక్కన ఇంకేదో ఉంది, చెప్పాల్సింది చెప్పకుండా మింగినప్పుడు గొంతు దగ్గర కదిలేదేదో.

ఎందుకంటే వీళ్ల కథలన్నీ ఒక్క చోట గెంతుతాయి. ఇన్ని వారాలుగా విని విని మద్దిలేటికి కంఠతా వచ్చేసింది. పొద్దు గూకింది, నది వైపు నుంచి వస్తాయనుకున్న నీళ్లు వెనక కాలవ వైపు నుంచి వచ్చాయి, ఊళ్లో ఎత్తైనది మంచినీళ్ల ట్యాంకు ఒకటే, దాని చుట్టూ తిరిగే సిమెంటు మెట్లు. అబ్రహాం, నది ఈదడంలో మొనగాడు, ముసలీముతకనీ వీపున మోసుకుని తెచ్చాడు. అందరం ఎక్కినం. తెల్లారింది. ఎవరు చెప్పినా అంతే, అందరం ఎక్కినం, ఇంక తెల్లారింది, ఆ రెంటి మధ్య ఒక రాత్రి మొత్తం ఉండాలి కదా, అది లేదు. అందరూ ఎక్కితే యమున ఎక్కడ? అడిగితే అమ్మ చెప్పిన జవాబే అందరి జవాబూ, ట్యాంకు దాకా రానే లేదు, దార్లోనే కాలు జారింది, చీకట్లో ఎవరూ చూడలేదు. దహనం నాడు అతను పిచ్చిపట్టినవాడిలా అరిచాడు కూడా, దాని పక్కన ఎవరున్నా సరే, చూస్తూ దాన్ని వదిలినోళ్లు ఎవరైనా సరే, వాళ్ల మొహం చచ్చేదాకా చూడ, వాళ్ల ఇంటి నీళ్లు ముట్ట అని. అరిచేటప్పుడు అమ్మ పక్కనే ఉంది. ఆ రోజు నుంచి అమ్మ తనకి మొహం ఎత్తకుండా, చాలా భయంగా అన్నం వడ్డిస్తోంది, కోడలి దిగులు కాబోలు అనుకున్నాడు.

ఇవాళ మంగళవారం. యమున ఉంటే ఈపాటికి బుట్ట దించి ఉండేది. ఎల్లమ్మ బుట్ట, వాళ్ల ఇంటి వేల్పు, దూలానికి వేలాడగట్టే, వెదురుతో అల్లి పసుపు పూసిన చిన్న బుట్ట, లోపల పసుపు, గవ్వలు, తాతల నాటి ఇత్తడి మొహం. పెళ్లై వచ్చిన కోడలికి అప్పగిస్తారు, మంగళవారం తలస్నానం చేసి దించుతుంది, ఐదిళ్లు తిప్పి తెచ్చి మళ్లీ కడుతుంది. దానికో నియమం ఉంది, ఎవరూ లేని ఇంట్లో దాన్ని ఒక్క రాత్రి కూడా ఒంటరిగా వదలకూడదు, పెళ్లికి పోయినా చావుకి పోయినా వెంట తీసుకెళ్లాల్సిందే. ఒకసారి గద్వాల బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, లగేజీకి టికెట్ తీసుకోమన్నాడు కండక్టరు. “ఎల్లమ్మకు టికెట్ ఏందన్నా, ఆమె నీ సీటుల కూసున్నదా, నా ఒడిల కూసున్నది గదా?” అంది యమున, బస్సంతా గొల్లుమంది. ఆమెది రాయచూరు వైపు, ఇన్నేళ్లు కాపురం చేసినా కంగారు పడితే నోట్లోంచి కన్నడమే ఊడిపడేది. ఆ రోజు దిగేటప్పుడు బస్సు ఆగీ ఆగకుండా కదిలింది, మెట్టు మీదున్న యమున కింద ఉన్న అతనికి బుట్ట చాపుతూ “హిడీరి, హిడీరి!” అని కేక వేసింది. హిడీరి అంటే పట్టుకోండి. బుట్ట అందుకున్నాడు, ఆమె ఒక్క గెంతు గెంతి పక్కన నిలబడి చీర సర్దుకుంది. ఆ తర్వాత ఆర్నెల్లు ఆమెని హిడీరి హిడీరి అని ఏడిపించాడు, చేత్తో చెంబిచ్చినా హిడీరి, ఉల్లిగడ్డలిచ్చినా హిడీరి, అమ్మకి ఆ ముక్క ఏమిటో అర్థం కాక మొగుడూ పెళ్లాల సరసం మనకెందుకని మొహం తిప్పుకునేది.

“... మా చిన్నది సలికి గజగజ వణుకుతుండె,” అంటోంది శైలజ. తాళంచెవి ఆమె చేతికి ఎప్పుడొచ్చిందో మద్దిలేటి చూడలేదు. వాళ్ల ఇంటి ఎదురింటి పిల్ల శైలజ, ఆ రాత్రికి చంటిబిడ్డ తల్లి, మామూలుగా నాలుగు మాటలతో ముగించేస్తుంది, ఇవాళ కళ్లు మూసుకుని చెప్పుకుపోతోంది, ఎదుట ఎవరున్నారో మరిచిపోయినట్టుంది. “మెట్ల మీద గాలి, ఏం గాలి మేడమ్ అది, నా పయ్యెద అంత తడిసింది, బిడ్డకు కప్పనీకె ఏం లేదు. యమునక్క నా పక్క మెట్టు మీదనే కూసొని ఉండె, జర ఇటియ్యి అని బిడ్డను తన ఒడిలకు తీస్కోని, పిండిన కొంగు...”

ఆగిపోయింది. కళ్లు తెరిచింది. శైలజ చేతిలో తాళంచెవి కాలిందా అన్నట్టు పక్కనున్న అబ్రహాం ఒళ్లో పడేసి మోకాళ్లలో తల పెట్టుకుంది.

యమునక్క నా పక్క మెట్టు మీదనే కూసొని ఉండె. మద్దిలేటి ఆ మాటని రెండోసారి లోపల అనుకున్నాడు. ఎక్కింది. ట్యాంకు దాకా రావడమే కాదు, ఎక్కింది, మెట్టు మీద కూర్చుంది, బిడ్డని ఒళ్లోకి తీసుకుంది, కొంగు పిండి కప్పింది. కొంగు పిండే తీరిక ఉందంటే ఆమె కాళ్ల కింద నేల ఉంది. బతికే ఉంది, గండం గడిచిందనుకునే ఉంది. అందరం ఎక్కినం అన్న మాట అబద్ధం కాదన్నమాట, ఇన్నాళ్లూ అందరూ నిజమే చెప్పారు, అంతవరకే చెప్పారు. మరి ఎక్కిన మనిషి ఎందుకు దిగింది? పైన ఉన్నవాళ్లలో ఎవరో దింపాలి, లేదా కింద ఏదో ఉండాలి. కింద ఏముంది? మేకలు మాసయ్యవి, తమవి కావు. బంగారం తాకట్టులోనే ఉంది. పిల్లలు లేరు. అమ్మ పైనే ఉంది, అబ్రహాం ప్రతి వారం నవ్వుతూ చెప్తాడు కదా, ముసలమ్మ రెండు చేతులా నా మెడ పట్టుకుంటే నీళ్లలో కాదు ఆమె పట్టుకే నా పానం పోతుండె అని, అందరూ నవ్వుతారు కదా. రెండు చేతులా. రెండు చేతులూ మెడకే ఉన్నాయి. అమ్మ చేతుల్లో ఏమీ లేదు. యమున చేతుల్లోనూ ఏమీ లేదు, ఉంటే బిడ్డని ఒళ్లోకి ఎలా తీసుకుంటుంది?

మద్దిలేటికి చెవుల్లో హోరు మొదలైంది. వాన కాదు. ఊరికి చేరిన రోజు ఇంట్లోకి అడుగుపెట్టిన ఆ మధ్యాహ్నం కళ్ల ముందుకొచ్చి నిలబడింది. పైకప్పు దూలాల మీద కూడా బురద చార, అంటే నీళ్లు ఇంటిని పూర్తిగా మింగేశాయి. బస్తాలో బియ్యం మొలకలెత్తాయి. టీవీ లోపల బురద. పెళ్లి ఆల్బం ముద్దయి, విప్పబోతే ఇద్దరి మొహాలూ ఒకదానికొకటి అంటుకుపోయి ఊడి వచ్చాయి. అంత నాశనం మధ్య దూలానికి వేలాడుతూ ఎల్లమ్మ బుట్ట, ఒక్క మరక లేకుండా. లోపల చెయ్యి పెడితే పసుపు వేళ్లకి పొడిగా తగిలింది. గవ్వలు గలగలమన్నాయి. చూశావా అమ్మా, ఎల్లమ్మ తన సంగతి తాను చూసుకుంది, అన్నాడు అప్పుడు, దాంట్లో కూడా కొంచెం ధైర్యం తెచ్చుకోవాలని చూశాడు. అమ్మ గోడ వైపు తిరిగింది. అప్పటి నుంచి ఒక్క మంగళవారమూ అమ్మ ఆ బుట్ట ముట్టలేదు, చేతులు బాగలేవు బిడ్డా అంటుంది, కొత్త కోడలొస్తే దించుతది అంటుంది. ఏడాదిగా దాని కిందే పడుకుంటున్నాడు. కళ్లు తెరిస్తే అదే, మూసుకునే ముందు అదే. అన్నం దాని కిందే తింటున్నాడు. దూలాల దాకా నీళ్లొచ్చిన ఇంట్లో పసుపు పొడిగా ఎలా ఉందిరా అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎందుకు అనుకోలేదు? ఆ రాత్రి బుట్ట ఇంట్లో లేదు.

అబ్రహాం చేతిలో తాళంచెవి ఉంది. అతను దాన్ని చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి, భుజాలు రెండు తలుపులంత, చిన్నపిల్లాడిలా దాని పళ్లు గోటితో లెక్కపెడుతున్నాడు. దాన్ని మాసయ్యకి ఇచ్చేశాడు. మాసయ్య ఏదైనా వెటకారం ఆడతాడని గది మొత్తం ఎదురుచూసింది, ఆడమని బతిమాలినట్టే చూసింది. ముసలాయన పెదవులు కదిపాడు. “మేడమ్,” అన్నాడు, గొంతు సవరించుకున్నాడు, “నా తాళంచెవి... జర తుప్పు వడుతుంది” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సుమన మేడమ్ ఆ మొహం నుంచి ఈ మొహానికి చూపు తిప్పుతోంది, ఏదో జరుగుతోందని ఆమెకి తెలిసింది, ఏమిటో తెలియడం లేదు, తాళంచెవి తన దగ్గర లేదు కాబట్టి అడగలేదు. మాసయ్య తాళంచెవిని జోగులమ్మ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో ఒక్క క్షణం మూసి ఉంచాడు.

అమ్మ. మద్దిలేటి తల తిప్పలేదు, తిప్పనవసరం లేకుండానే ఆమె మోకాలు అతని మోకాలికి తగులుతోంది. చెప్తుందా? చెప్పొద్దు. చెప్పాలి. చెప్తే ఏం చెయ్యాలి? దాని పక్కన ఎవరున్నా మొహం చూడనన్నాడు, ఇంటి నీళ్లు ముట్టనన్నాడు, ఏడాదిగా ఆ ఇంటి నీళ్లే తాగుతున్నాడు. పాన్‌గల్‌లో అక్క ఉంది, అక్క ఇంటి గడపలో దింపేసి పుణె బస్సెక్కొచ్చు, సంచి సర్దే ఉంది. బుట్ట కోసం కోడల్ని దింపింది అమ్మేనా, ఊరంతా నోరు కుట్టుకున్నది ఇందుకేనా? ఉన్న ఒక్క కొడుకూ పోతే ముసలిది ఏమైపోతుందని? కోపం రావాలి, వస్తోంది, మెడదాకా వచ్చింది, సరిగ్గా అక్కడ ఇంకో మాట అడ్డం పడింది. పుణె పోయే ప్రతిసారీ రాజోలి బస్టాండులో యమునతో తను చెప్పే జాగ్రత్త మాట. అమ్మ పైలం. బుట్ట పైలం. ఎన్నిసార్లు చెప్పాడో. నువ్వు పైలం అని ఎప్పుడైనా అన్నాడా? వెతుక్కున్నాడు, బస్సు కిటికీలోంచి ఆమె మొహాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకుని వెతుక్కున్నాడు, అన్నట్టు గుర్తుకు రాలేదు. ఆ రాత్రి తనూ ఆ మెట్ల మీద ఉండి ఉంటే, బుట్ట ఒంటరిగా ఉండిపోయిందని అమ్మ అరిచి ఉంటే, పోవద్దు అని ఉండేవాడా? తనే దిగేవాడు. అంతే, దిగేవాడు, అంతకన్నా తెలివైన పని వాళ్ల వంశంలో ఎవరూ చేసి ఉండరు.

జోగులమ్మ పక్కకి తిరగకుండానే తాళంచెవిని కొడుకు వైపు చాపింది. అందుకున్నాడు. వేడిగా ఉంది, చెమటతో జారుతోంది. నేను ఆడ లేను, అనాలి ఇప్పుడు, ఎప్పటిలా అనేసి దాటిస్తే అయిపోతుంది, తలుపు తీస్తారు, వాన కూడా సన్నబడింది. గదిలో అందరూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు.

“అమ్మా,” అన్నాడు మద్దిలేటి. “బుట్ట పైకి అందిచ్చినప్పుడు యమున ఏమన్నది?”

శైలజ వెక్కింది. అబ్రహాం తల ఎత్తలేదు. జోగులమ్మ కొడుకు వంక చూసింది, ఏడాదిలో మొదటిసారి తిన్నగా కళ్లలోకి చూసింది, అక్కడ ఏం కనబడిందో, వెంటనే చూపు దించేసి ఖాళీ అరచేతులు చూపించింది, నా దగ్గర లేదుగా అన్నట్టు. అతను తాళంచెవిని ఆ చేతిలో పెట్టాడు.

“నీళ్లు ఛాతి దాంక ఉండె,” అంది జోగులమ్మ. “నెత్తి మీద వెట్టుకోని వచ్చింది. మెట్టు కాడికి వచ్చి, చేతులు పైకి లేపి... అదేందో అన్నది బిడ్డా. మన మాట గాదు. హిడీరి అన్నది. మొదలు బుట్టి హిడీరి, అన్నది.”

“నాకు ఒక్క చెయ్యే ఖాళీ ఉండె అన్నా,” అన్నాడు అబ్రహాం. తాళంచెవి అతని దగ్గర లేదు, మాట్లాడకూడదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. “ఇంకో చేత్తోని కమ్మి పట్టుకున్న. బుట్ట పైన వెట్టి మళ్ల చెయ్యి చాపిన. మళ్ల చాపిన అన్నా.”

హిడీరి. ఆ ముక్క ఈ గదిలో ఎవరూ అల్లలేరు. అమ్మకి దాని అర్థం ఇప్పటికీ తెలీదు. బస్సు కదులుతోంది, యమున మెట్టు మీద నిలబడి చేతులు చాపింది, తను బుట్ట అందుకున్నాడు, ఇప్పుడు ఆమె గెంతాలి, గెంతి పక్కన నిలబడి చీర సర్దుకోవాలి. మద్దిలేటి ఎదురుచూశాడు. ఇన్నాళ్లకి ఆ రాత్రిలో తనకీ ఇంత చోటు దొరికింది, ఒక్క మెట్టు, ఒక్క కేక. అంతకన్నా ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

వాన ఆగిందని ఎవరో తలుపు తీశారు. ఒక్కరూ లేవలేదు. జేబులో ఫోను మళ్లీ బుర్రుమంటోంది. జోగులమ్మ తాళంచెవిని వెనక్కి ఇవ్వబోయింది, అతను ఆమె వేళ్లు మూసేసి, పైన తన చెయ్యి పెట్టి పట్టుకున్నాడు.

“ఇంకోసారి చెప్పమ్మా,” అన్నాడు. “అదెట్లన్నదో అట్లనే చెప్పు.”